చేను మనది, పంట వారిది

నరసరావుపేటలోనో, ఒంగోలులోనో రెండు గదుల వాటా అద్దెకు ఇచ్చేటప్పుడు మనవాళ్ళు పడే జాగ్రత్త అంతా ఇంతా కాదు. వచ్చినవాళ్ళు ఎవరు, ఏం చేస్తారు అని నలుగురిని వాకబు చేస్తారు. అడ్వాన్సు ఎంతో, కరెంటు బిల్లు ఎవరిదో, సున్నాలు ఎవరు వేయించాలో తేల్చుకుని, 11 నెలలకు స్టాంపు కాగితం రాయించుకుంటే గానీ తాళంచెవి చేతికివ్వరు. అదే మనుషులు ఊళ్ళో ఉన్న రెండెకరాల నల్లరేగడి చేనును కౌలుకు ఇచ్చేటప్పుడు మాత్రం టీ కొట్టు దగ్గర నిలబడి మాట అనుకుంటారు, డబ్బు లెక్కపెట్టుకుంటారు, అంతే. కాగితం లేదు, రసీదు లేదు, సాక్షి లేడు. వాటా కంటే చేను విలువ ఎక్కువని తెలిసి కూడా ఇలా ఎందుకు జరుగుతోంది?

కారణం నిర్లక్ష్యం కాదు, భయం. కాగితం రాస్తే చేను చేజారిపోతుందన్న భయం. ఈ భయంలో ఈనాడు నిజమెంత, దానివల్ల ఎవరికి ఏ నష్టం జరుగుతోంది, చిన్న భూయజమాని తన హక్కు కాపాడుకుంటూనే కౌలుదారుకు అన్యాయం చేయకుండా ఎలా నడుచుకోవాలి అన్న విషయాలను ఈ వారం పరిశీలిద్దాం.

యజమాని అంటే జమీందారు కాదు

దేశంలో కౌలు సేద్యం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనదే. 2018-19 సంవత్సరానికి సంబంధించి జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద కౌలు భూమి ఉన్న సాగు కమతాలు 17 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42 శాతం పైచిలుకు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి చేలల్లో తిరిగిన వారికి ఈ లెక్క ఆశ్చర్యం కలిగించదు. ప్రత్తిపాడు, సత్తెనపల్లి, వినుకొండ, పర్చూరు, మార్టూరు, దర్శి ప్రాంతాల్లో చేను ఒకరిది, దున్నేది మరొకరు అన్నది మామూలు మాటే.

ఈ భూయజమానులందరూ పెద్ద కామందులు అనుకుంటే పొరపాటు. భర్త పోయిన తరువాత రెండెకరాల కౌలు మీదే ఏడాది గడుపుకునే తల్లి కూడా యజమానే. చిలకలూరిపేటలో చిన్న కొట్టు పెట్టుకుని ఊళ్ళోని ఎకరంన్నర కౌలుకిచ్చిన వాడూ యజమానే. కొడుకు గల్ఫ్‌లో ఉంటే, సేద్యం చేసే ఓపిక లేక చేనును పక్కింటివాడికి అప్పగించిన వృద్ధుడూ యజమానే. మన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల వృత్తి తరతరాలుగా పత్తితో ముడిపడి ఉన్నది. వారిలో కౌలుకు ఇచ్చేవారూ ఉన్నారు, కౌలుకు చేసేవారూ ఉన్నారు. కాబట్టి ఇది ఎవరో ఇద్దరు పరాయివాళ్ళ తగాదా కాదు. ఒకే వీధిలో, ఒకే జమాఅత్‌లో ఉండే ఇద్దరి మధ్య వ్యవహారం.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 1956లో ఆంధ్ర ప్రాంతానికి వచ్చిన కౌలుదారీ చట్టం కౌలు గడువు కనీసం 6 సంవత్సరాలు ఉండాలన్నది. యజమాని భూమి అమ్మదలిస్తే ముందుగా కౌలుదారునే అడగాలన్నది. 1974 సవరణతో కౌలుదారు రక్షణ మరింత గట్టిపడింది. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం తలకిందులయింది. చట్టానికి దొరక్కుండా ఉండాలని యజమానులు కాగితం రాయడమే మానేశారు. ఏడాదికో కౌలుదారును మార్చడం మొదలుపెట్టారు. కౌలు సేద్యం తగ్గలేదు, అది లెక్కల్లోంచి మాయమైంది.

దీన్ని సరిచేయడానికి 2011లో మరో చట్టం తెచ్చారు. యజమాని హక్కుకు భంగం లేకుండా కౌలుదారుకు ఏడాదికి ఒకసారి రుణ అర్హత కార్డు ఇవ్వాలన్నది దాని సారాంశం. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 1956, 2011 చట్టాల స్థానంలో వచ్చిన ఈ చట్టం విషయాన్ని సూటిగా తేల్చింది. ఒప్పందం గడువు 11 నెలలు. యజమాని, సాగుదారు ఇద్దరూ సంతకం చేస్తే గ్రామ రెవెన్యూ అధికారి ద్వారా సాగుదారుకు కార్డు వస్తుంది. ఆ కార్డుతో పంట మీద అప్పు, పంట బీమా, నష్టపరిహారం వంటివి పొందవచ్చు. భూమి మీద మాత్రం ఏ హక్కూ రాదు. 11 నెలలు నిండగానే కార్డు చెల్లదు.

అయినా సంతకం పెట్టడానికి చేతులు రావడం లేదు. మధ్యలో 2022 నాటి భూమి హక్కుల చట్టం వచ్చింది. అది 2023 అక్టోబరు 31న అమలులోకి రావడం, 2024 ఎన్నికల్లో పెద్ద వివాదం కావడం, ఆ ఏడాదే కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేయడం పాఠకులకు తెలిసిందే. కౌలుకూ ఆ చట్టానికీ సంబంధం లేదు. కాని భూమి కాగితం అన్న మాట వింటేనే పల్లెల్లో గుండె ఝల్లుమనే పరిస్థితిని అది మరికొంత పెంచింది.

నోటిమాటే అసలు ప్రమాదం

ఇక్కడ మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒకటుంది. చేను పోగొట్టే అవకాశం కాగితానికంటే నోటిమాటకే ఎక్కువ.

పరాయి భూమిని యజమానికి వ్యతిరేకంగా, బహిరంగంగా 12 సంవత్సరాలు అనుభవించినవాడు అది తనదేనని వాదించడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం వీలు కల్పిస్తున్నది. కౌలుదారుకు మాత్రం ఆ వీలు లేదు. ఎందుకంటే అతను యజమాని అనుమతితో చేనులో ఉన్నవాడు. కౌలుదారుగా చేనులో దిగినవాడు, కౌలు నడుస్తుండగా, ఇచ్చినవాడికి అసలు హక్కే లేదని వాదించడాన్ని సాక్ష్య చట్టం కూడా ఒప్పుకోదు. అయితే అతను కౌలుదారుగానే దిగాడని రుజువు చేసేది ఏది? ఇద్దరి సంతకాలున్న కాగితం. అది లేనప్పుడు, 15 ఏళ్ళుగా ఒకే మనిషి దున్నుతూ ఉంటే, యజమాని నగరంలోనో గల్ఫ్‌లోనో ఉంటే, అడంగల్‌లో అనుభవదారు పేరు ఎవరిదో పట్టించుకోకపోతే, తగాదా వచ్చిన రోజున యజమాని చేతిలో చూపడానికి ఏముంటుంది?

సాగుదారు సంతకం పెట్టిన ప్రతి కాగితమూ "ఈ చేను ఫలానావారిది, నేను కౌలుకు మాత్రమే చేస్తున్నాను" అని అతను ఏటేటా ఒప్పుకోవడమే. అంతకంటే గట్టి రక్షణ యజమానికి మరొకటి లేదు. 11 నెలల గడువు కొత్తదేమీ కాదు. ఏడాదికి మించిన లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టే ఇంటి అద్దె కాగితాలు కూడా 11 నెలలకు రాసుకుంటున్నాం. ఇంటికి పనికివచ్చిన జాగ్రత్త చేనుకు మాత్రం ఎందుకు పనికిరాదు?

ఆదాయపు పన్ను పడుతుందేమోనన్న అనుమానం కూడా కొందరికి ఉన్నది. సేద్యానికి ఇచ్చిన భూమి మీద వచ్చే కౌలును చట్టం వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది. రెండు మూడెకరాల కౌలు మీద బతికే కుటుంబం దానికోసం కాగితానికి జంకనక్కరలేదు.

కాగితం లేకపోతే కౌలుదారుకు ఏమవుతుంది?

యజమానికి కాగితం లేకపోతే ప్రమాదం ఎప్పుడో ఒకనాడు రావచ్చు. కౌలుదారుకు అది ప్రతి ఏడూ ఎదురయ్యేదే.

ఈ ప్రాంతపు అనుభవం చూడండి. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో పురుగు ఉధృతికి పత్తి పోయినప్పుడు మళ్ళీ అదే విషాదం. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతను పీల్చి పిప్పి చేసింది. చేలకు చేలు దున్నేసుకున్నవారు ఎందరో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటి చేతికందబోయే పైర్లను ముంచింది. ఆ తరువాత ధర దెబ్బ. 2025 ఫిబ్రవరి నాటికి మిర్చి ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ. 11,781 ధర ప్రకటించవలసి వచ్చింది.

ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ప్రభుత్వ సాయం కాగితం వెంట నడుస్తుంది. కౌలుదారు పేరు ఎక్కడా లేకపోతే పెట్టుబడి రాయితీ, బీమా సొమ్ము పాస్‌బుక్ ఉన్నవాడి ఖాతాలో పడతాయి. పి.ఎం. కిసాన్ కింద వచ్చే ఏడాదికి రూ. 6,000 ఎలాగూ భూయజమానికే. 2025-26లో పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మధ్యరకానికి రూ. 7,710, పొడవు పింజకు రూ. 8,110. చేను కాగితాలు చూపలేని కౌలుదారు ఆ ధరకు అమ్మలేక దళారీ చెప్పిన ధరకు ఇచ్చుకుంటాడు. చివరకు అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి ఇచ్చే సాయం (2019లో దీన్ని రూ. 7 లక్షలకు పెంచారు) దగ్గర కూడా మొదట అడిగేది, అతను ఈ చేను చేశాడనడానికి ఆధారం ఏమిటన్నదే.

2019లో మొదలైన రైతు భరోసా పథకంలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఏడాదికి రూ. 13,500 ఇస్తామన్నారు. అంటే మన సమాజంలోని కౌలుదారులకు కూడా అందులో చోటున్నది. అయినా యజమాని సంతకం లేక కార్డు రాని వారికి ఆ పథకం గోడ మీద రాతగానే మిగిలింది. ఆ పథకం పోయి, 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో అన్నదాత సుఖీభవ ప్రారంభమయింది. పేరు మారినా చిక్కుముడి అక్కడే ఉన్నది. యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా కార్డు ఇవ్వాలని కౌలు రైతు సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. చట్టం రేపు ఎలా మారినా, ఈ రోజు మన చేతిలో ఉన్నది మన సంతకం. దానిని ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

పంట వేసినవాడు ఒకడైతే, పంట పోయినందుకు వచ్చిన సొమ్ము మరొకడు ఉంచుకోవడం ఎంతవరకు ధర్మం? చట్టం ప్రకారం ఖాతా మనదే కావచ్చు. ఆ సొమ్ము మాత్రం మన దగ్గర అమానతు. అది కౌలుదారుకు చేరేదాకా మన మెడ మీద బరువే.

ముందస్తు కౌలులోని వడ్డీ

ఈ జిల్లాల్లో, ముఖ్యంగా మిర్చి చేలకు, కౌలు మొత్తం ముందే చేతిలో పెట్టాలన్న ఆనవాయితీ బలంగా ఉన్నది. పంట పోతే కౌలు ఎగ్గొడతాడేమోనని యజమాని దిగులు. చిన్న యజమానికి ఆ దిగులు సహజమే. కాని ఆ డబ్బు కౌలుదారుకు ఎక్కడి నుంచి వస్తుందో మనం ఎప్పుడైనా ఆలోచించామా? కార్డు లేని వాడికి బ్యాంకు ఇవ్వదు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తాడు.

ఒక లెక్క వేసుకుందాం. ఎకరాకు కౌలు రూ. 30,000 అనుకుందాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి జూన్‌లో మనకిచ్చాడు. పంట అమ్మి ఆ అప్పు తీర్చేసరికి 10 నెలలు. వడ్డీ రూ. 9,000. మనకు అందింది 30,000. అతనికి పడింది 39,000. మధ్యలోని 9,000 మనకూ రాలేదు, చేనుకూ పోలేదు. వడ్డీ వ్యాపారికి చేరింది. వడ్డీ రూపాయి గడప దాటి లోపలికి రాకూడదని జాగ్రత్తపడే ఇళ్ళు మనవి. మనం అడిగే ముందస్తు కౌలే మరొక ఇంటిని వడ్డీలోకి నెడుతున్నదని గ్రహించాలి.

దీనికి మార్గం లేకపోలేదు. మూడో వంతు చేనులో దిగేటప్పుడు, మిగిలింది కోతల సమయంలో రెండు వాయిదాలుగా తీసుకోవచ్చు. పత్తికి నవంబరు, జనవరి నెలలు, మిర్చికి ఫిబ్రవరి, ఏప్రిల్ నెలలు వాయిదాలకు అనువైనవి. ఆలస్యంగా తీసుకుంటున్నందుకు మొత్తాన్ని మొదటే కొద్దిగా ఎక్కువకు, ఉదాహరణకు 33,000కు, మాట్లాడుకున్నా కౌలుదారుకు కొంత మిగులుతుంది, యజమానికి 3,000 కలిసివస్తుంది. ఒక్కటి మరచిపోకూడదు. ఆ మొత్తం ఒప్పందం రోజునే ఖరారు కావాలి. గడువు దాటిన కొద్దీ నెలకింత అని పెంచుకుంటూ పోతే అది కౌలు అనిపించుకోదు, వడ్డీ అవుతుంది.

గుంటూరు కోల్డ్‌స్టోరేజీల సంగతి కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది. ధర లేదని కౌలుదారు టిక్కీలు కోల్డ్‌స్టోరేజీలో పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తే యజమాని కౌలు మాటేమిటి? "అమ్మినప్పుడు ఇస్తాను" అన్న మాట మీద వదిలేయకుండా, అమ్మినా అమ్మకపోయినా ఫలానా తేదీకి ఇంత అని రాసుకుంటే ఇద్దరికీ మనసు నిలకడగా ఉంటుంది.

పాలుకు ఇచ్చేవారికి

కొందరు నగదు కౌలు కాకుండా పాలుకు, అంటే కోరుకు ఇస్తారు. దైవప్రవక్త (సఅసం) ఖైబర్ భూములను పంటలో సగం ఇచ్చే ఒప్పందం మీద అక్కడివారికే సాగుకు ఇచ్చిన విషయం హదీసు గ్రంథాల్లో ఉన్నది. ఇమామ్ అబూ హనీఫా ఈ పద్ధతిని సమ్మతించకపోయినా, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ సమ్మతించారు. హనఫీ పండితులు వారి మాట మీదే నడిచారు. అయితే ఒక షరతు ఉన్నది. వాటా మొత్తం పంటలో ఇంత భాగం అని ఉండాలి. ఫలానా మడి పంట నాది, కాలువ గట్టు వెంట పండేది నాది అని యజమాని ముందే ప్రత్యేకించుకోవడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఒక పక్క పండి మరో పక్క ఎండితే ఒకరికి అంతా, మరొకరికి సున్నా అవుతుంది కాబట్టి.

మన మిర్చి చేలకు దీన్ని అన్వయించుకుంటే విషయం తేటగా అర్థమవుతుంది. "మొదటి కోత కాయ నాది, తరువాతవి నీవి" అని మాట్లాడుకుంటే ఎర్రటి మేలురకం ఒకరికి, చివరి కోతల తాలు కాయ మరొకరికి పోతుంది. అది కూడా పైన వారించిన బేరం లాంటిదే. ప్రతి కోతలోనూ, మేలుకాయలోనూ తాలులోనూ, ఒకే నిష్పత్తిలో పంచుకోవడమే న్యాయం. విత్తనం, ఎరువు, పురుగుమందు, కోత కూలి ఖర్చుల్లో ఎవరిది ఎంతో కూడా దుక్కికి ముందే తేలాలి.

కాగితంలో ఏముండాలి?

బాకీల వ్యవహారాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దివ్యఖుర్‌ఆన్ బఖరా సూరాలోని 282వ వచనం వివరంగా ఆదేశించింది. నమ్మకం లేక రాసుకునేది కాదు ఇది. రేపు నమ్మకం చెడకుండా ఉండటానికి రాసుకునేది. కౌలు కాగితంలో ఈ విషయాలు తప్పక ఉండాలని మా సూచన.

మొదటిది, చేను గుర్తింపు. సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాలు సెంట్లలో, నాలుగు హద్దులు. రీసర్వే జరిగిన గ్రామాల్లో కొత్త నంబరు, కొత్త విస్తీర్ణం చూసుకోవాలి. రాసే ముందు మీభూమిలో 1-బి, అడంగల్ ఒకసారి తీసి చూడటం మంచిది.

రెండవది, గడువు. మొదలు తేదీ, ముగింపు తేదీ. జూన్ 1న మొదలుపెడితే 11 నెలలు ఏప్రిల్ 30తో నిండుతాయి. ఆలస్యంగా నాటిన మిర్చి చివరి కోత మిగిలిపోతే ఎన్నాళ్ళు ఆగాలో, కల్లం ఎప్పటిదాకా వాడుకోవచ్చో కూడా రాయాలి.

మూడవది, కౌలు మొత్తం, వాయిదాల తేదీలు. ప్రతి చెల్లింపుకూ రసీదు. బ్యాంకు ద్వారానో, ఫోన్ ద్వారానో పంపితే "కౌలు" అన్న మాట కూడా చేర్చి పంపితే అదే సాక్ష్యం.

నాలుగవది, నీరు, కరెంటు. బోరు మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి? సాగర్ కుడికాలువ నీరు ఆ ఏడు రాకపోతే కౌలు సంగతేమిటి? తగాదాలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

ఐదవది, విపత్తు. "పంట పోతే చూద్దాం" అన్న మాట ఇద్దరినీ మోసం చేస్తుంది. ప్రభుత్వం మండలాన్ని కరువు మండలంగా ప్రకటించినా, తుఫాను పంటనష్టం జాబితాలో ఈ చేను చేరినా కౌలులో ఇన్నో వంతు తగ్గాలి అని రాసుకుంటే వాదనకు తావుండదు. చిన్న యజమాని మొత్తం వదులుకోలేడు. పావు వంతు తగ్గించినా, మిగిలినదానికి మరుసటి పంట దాకా గడువిచ్చినా అది పెద్ద సాయమే. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమని చెప్పిన ధర్మం మనది.

ఆరవది, ప్రభుత్వ సాయం. పంట బీమా, పెట్టుబడి రాయితీ సాగుదారువని, పొరపాటున యజమాని ఖాతాలో పడితే ఇన్ని రోజుల్లో ఇచ్చేయాలని స్పష్టంగా ఉండాలి. ఈ-పంట నమోదు సాగుదారు పేరు మీద జరగడానికి అభ్యంతరం లేదని కూడా రాయాలి. యజమాని అదే సర్వే నంబరు మీద పంట రుణం తీసుకుని ఉంటే ఆ సంగతి దాచకూడదు. దాస్తే, కౌలుదారు బ్యాంకు గడప తొక్కిన రోజున బయటపడుతుంది. పంట వేయనివాడు పంట రుణం తీసుకోవడమే సరైన పని కాదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఈ కాగితానికి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, గ్రామ సచివాలయంలో నిర్ణీత నమూనాలో ఒప్పందం ఇచ్చి సాగుదారుకు కార్డు ఇప్పించాలి. నకలు ఒకటి యజమాని దగ్గర భద్రంగా ఉండాలి. కార్డు గడువు ముగిశాక అదే మనిషికి మళ్ళీ ఇవ్వదలిస్తే కొత్త తేదీలతో కొత్త కాగితం రాసుకోవాలి. ఇలా చేస్తే ఏటేటా మనిషిని మార్చే అవసరం ఉండదు. ఏడాదికే దిగినవాడు ఆ చేనుకు పెంట తోలడు, గట్టు వేయడు, పంట మార్పిడి చేయడు. ఉన్న సారమంతా పిండుకుని పోతాడు. నాలుగేళ్ళు ఉంటానన్న నమ్మకం ఉన్నవాడే చేనును తనదిగా చూసుకుంటాడు. ఆ లాభం చివరకు యజమానిదే.

సంతకం ఎవరిది?

మన కుటుంబాల్లో మరో చిక్కు ఉన్నది. తండ్రి పోయి పదేళ్ళయినా పాస్‌బుక్‌లో ఆయన పేరే ఉంటుంది. చేను కౌలుకిచ్చేది పెద్దకొడుకు, డబ్బు తీసుకునేదీ అతనే. అప్పుడు కాగితం మీద ఎవరు సంతకం చేయాలి?

వ్యవసాయ భూమి విషయంలో షరీయత్ వారసత్వం వర్తించదని కొందరు అంటుంటారు. 1937 నాటి షరీయత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. అయితే గుంటూరు, ప్రకాశం ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1949లో మద్రాసు శాసనసభ ఆ మినహాయింపును తొలగించింది. కాబట్టి చేనులోనూ తల్లికి, ఆడపిల్లలకు వాటా ఉన్నది. కౌలులోనూ ఉన్నది.

నాలుగెకరాల చేను, వారసులు తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు అనుకుందాం. తల్లికి ఎనిమిదో వంతు, అంటే 50 సెంట్లు. మిగిలిన మూడున్నర ఎకరాల్లో కొడుక్కి 1 ఎకరం 75 సెంట్లు, కూతుళ్ళకు చెరి 87½ సెంట్లు. ఎకరాకు రూ. 30,000 చొప్పున కౌలు రూ. 1,20,000 వస్తే తల్లికి రూ. 15,000, కొడుక్కి రూ. 52,500, కూతుళ్ళకు చెరి రూ. 26,250. రంజాన్‌కు చీర పెట్టి పంపినంత మాత్రాన ఈ 26,250 తీరిపోదు. వారసులందరూ పేరు మార్పు చేయించుకోవడం, లేదా ఒకరికి అధికారం ఇస్తూ మిగతావారు రాసివ్వడం మొదటి పని. గల్ఫ్‌లో ఉన్న వారసుడు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన అధికారపత్రం పంపవచ్చు. అలా చేస్తే కౌలుదారుకు కూడా రేపు మరో వారసుడు వచ్చి "నా వాటా నువ్వెలా దున్నావు" అని అడిగే బెడద ఉండదు.

ఇక మసీదుకో, దర్గాకో చెందిన వక్ఫ్ భూమి, సర్వీసు ఇనాం భూమి చేతిలో ఉన్నవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ భూమికి వారు సంరక్షకులే గాని యజమానులు కారు. దానిని సొంత చేనులా సొంత సంతకంతో కౌలుకివ్వడం కుదరదు. వక్ఫ్ చట్టం, లీజు నిబంధనల ప్రకారమే జరగాలి.

మిర్చి చివరి కోతలు పూర్తయి, పత్తికట్టె పీకేసి, చేలు ఖాళీగా ఉండే వేసవి నెలలే కౌళ్ళు మాట్లాడుకునే కాలం. రోహిణి కార్తె దాటి మొదటి వాన పడ్డాక ఎవరికీ కూర్చుని రాసుకునే తీరిక ఉండదు. ఆలోగా ఒక పూట చాలు. యజమాని పాస్‌బుక్, కౌలుదారు ఆధార్ తీసుకుని, ఇద్దరికీ కావలసిన ఇద్దరు పెద్దమనుషులతో కలిసి సచివాలయానికి వెళ్ళి రండి. చదువు రాని తల్లులు, పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళలో ఈ పని చదువుకున్న పిల్లలు చేయాలి. కాగితం పైకి చదివి వినిపించి, వారికి అర్థమైందని తేల్చుకున్న తరువాతే వేలిముద్ర వేయించండి.